బడికీ పడికీ నడుమ: రాయవేలూరు, గుడియాత్తం సీమలో రెండు భాషల చదువు



అమెరికాలో స్థిరపడిన మన బంధువులు సెలవులకు వచ్చినప్పుడు, అక్కడ కొన్ని బడులలో పిల్లలకు సగం పూట ఇంగ్లీషులోను, సగం పూట స్పానిష్ భాషలోను పాఠాలు చెబుతారని ఎంతో విశేషంగా చెబుతూ ఉంటారు. రెండు భాషల పిల్లలు ఒకే బల్ల మీద కూర్చుని ఒకరి భాషను మరొకరు నేర్చుకుంటారట. వినేవారు ముక్కున వేలేసుకుంటారు. పాలారు ఒడ్డున పుట్టి పెరిగిన మనం ఇందుకు అంతగా ఆశ్చర్యపోనక్కరలేదు. రాయవేలూరు, కాట్పాడి, గుడియాత్తం ప్రాంతాలలో ఇంట ఒక భాష, వీధిలో మరొక భాష, బడిలో ఆ రెండింటి పొత్తు అన్నది తరతరాల సంగతి. ఆ పొత్తు ఎలా సాగిందో, ఎక్కడెక్కడ తెగిందో ఈ వ్యాసంలో చెప్పదలిచాను.

తమిళ వ్యాకరణమైన తొల్కాప్పియానికి ఉన్న పీఠికలో తమిళదేశపు ఉత్తరపు హద్దు వేంగడం, అనగా మన తిరుమల కొండ అని ఉన్నది. ఆ కొండకు దక్షిణాన ఉన్న ఈ సీమకు తెలుగు విజయనగర కాలంలో పెద్దయెత్తున వచ్చింది. రాయవేలూరు కోట నుంచి ఏలిన చిన్నబొమ్మ నాయకుడు అప్పయ్య దీక్షితులను ఆదరించిన ప్రభువు. 17వ శతాబ్ది తొలి సంవత్సరాలలో అరవీటి వేంకటపతి రాయలకు ఈ ఊరు రాజధానిగా ఉండినది. రాజులు పోయినా వారి వెంట వచ్చిన రైతులు, నేతగాళ్లు, తోలుపని వారు, వ్యాపారులు ఇక్కడే నిలిచిపోయారు. వారి సంతతియే నేటి మన పిల్లలు. "మీరు ఆంధ్ర నుంచి ఎప్పుడు వచ్చారు?" అని ఎవరైనా అడిగితే మన పిల్లలు తెల్లబోతారు. వారి ముత్తాతలు కూడా ఇక్కడివారే.

ఇక చదువు సంగతి. మదరాసు గవర్నరు సర్ థామస్ మన్రో 1822 జూన్‌లో ప్రతి జిల్లా కలెక్టరునూ తమ జిల్లాలోని బడుల లెక్క పంపవలసిందిగా ఆదేశించాడు. ఆ లెక్కలన్నీ కూడి 1826 మార్చిలో అతడు రాసిన నివేదికలో మదరాసు రాజధాని మొత్తానికి 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు తేలారు. మన ఉత్తర ఆర్కాటు జిల్లా నుంచి వెళ్లిన పట్టికలో బడులను భాషల వారీగా చూపారు. తమిళ బడులు ఒక వరుస, తెలుగు బడులు ఒక వరుస, పారసీ బడులు మరొక వరుస. ఒకే కలెక్టరు, ఒకే కాగితం, పలు భాషలు. వీటిలో ఒకటి అసలు భాష, తక్కినవి అల్పసంఖ్యాకుల భాషలు అన్న మాట ఆ కాగితంలో లేదు.

అవి వీధిబడులు. పంతులుగారి ఇంటి అరుగే తరగతి గది. ఇసుకలో వేలితో అక్షరం దిద్దడం, ఆ పైన తాటాకు మీద గంటంతో రాయడం, ఎక్కాలు వల్లెవేయడం, పద్యం నోటికి రావడం, ఇదీ క్రమం. 1832లో పుదూరు చదలవాడ సీతారామశాస్త్రిగారు రచించిన బాలశిక్ష మదరాసులో అచ్చయింది. అదే పెరిగి పెద్దబాలశిక్ష అయింది. తెలుగు పిల్లల మొదటి అచ్చు పుస్తకం వెలువడిన ఊరు ఇవాళ తమిళనాడుకు రాజధాని అన్నది మనవారు తరచుగా మరచిపోయే విషయం.

1853లో అమెరికా నుంచి వచ్చిన ఆర్కాటు మిషను వారు ఈ జిల్లాను చూసి చేసుకున్న ఏర్పాటు కూడా చెప్పుకోదగినది. రాయవేలూరు, ఆరణి వైపు పని చేసే వారు తమిళం నేర్చుకున్నారు. ఘట్టం ఎక్కి పలమనేరు, మదనపల్లె వైపు పోయిన వారు తెలుగు నేర్చుకున్నారు. మదనపల్లెలో స్థిరపడిన జేకబ్ చాంబర్లేన్ తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షత వహించేంత వరకు వెళ్లాడు. సముద్రాలు దాటి వచ్చినవారికి సైతం ఈ సీమలో ఒక్క భాషతో పని జరగదని తెలిసింది.

ఈ జిల్లా చదువుకు గొప్ప ఉదాహరణ డాక్టర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టారు. తిరుపతిలో లూథరన్ మిషను బడిలో చదివారు, తరువాత రాయవేలూరు ఊరీసు కళాశాలలో, ఆ పైన మదరాసు క్రిస్టియన్ కళాశాలలో. తిరుపతి, తిరుత్తణి, రాయవేలూరు అప్పట్లో ఒకే జిల్లా, దాని కచేరీ చిత్తూరులో. ఒక ఊరి నుంచి మరొక ఊరికి పోవడమంటే ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి పోవడం అన్న తలపే ఉండేది కాదు.

గీతలు ఆ తరువాత వచ్చాయి. 1911 ఏప్రిల్‌లో ఉత్తర ఆర్కాటు నుంచి చిత్తూరు, పలమనేరు, చంద్రగిరి మొదలైన భాగాలను, కడప జిల్లా నుంచి మదనపల్లె ప్రాంతాన్ని తీసి చిత్తూరు జిల్లా చేశారు. రాయవేలూరు, గుడియాత్తం ఉత్తర ఆర్కాటులో ఉండిపోయాయి. జిల్లా కచేరీ చిత్తూరు నుంచి రాయవేలూరుకు వచ్చింది. ఈ మొదటి గీత బడులకు పెద్ద కీడు చేయలేదు. రెండు వైపులా మదరాసు ప్రభుత్వమే కనుక పుస్తకాలు అవే, పరీక్షలు అవే. గుడియాత్తం బడిలో తెలుగు పంతులు ఖాళీ ఏర్పడితే పలమనేరు నుంచో చిత్తూరు నుంచో ఒకరిని వేయడానికి అడ్డం లేదు.

రెండవ గీత అటువంటిది కాదు. 1952 డిసెంబరులో పొట్టి శ్రీరాములుగారి ఆత్మార్పణం, 1953 అక్టోబరు 1న కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రావతరణం. తెలుగువారందరికీ అది పండుగ, సందేహం లేదు. మన సీమలో దాని రెండవ ముఖం కూడా కనిపించింది. సెప్టెంబరు 30 నాడు తెలుగు మదరాసు రాష్ట్రపు ప్రధాన భాషలలో ఒకటి. మరునాటి ఉదయానికి అదే బడిలో, అదే బల్ల మీద, అదే పలక పట్టుకున్న పిల్లవాడు అల్పసంఖ్యాకుడు. వాడు అడుగు కూడా కదలలేదు. తెలుగు పుస్తకాలు వేయించే కార్యాలయం, తెలుగు పంతుళ్లకు శిక్షణ ఇచ్చే బడులలో అధిక భాగం, తెలుగు పరీక్షలు నడిపే యంత్రాంగం మాత్రం హద్దు దాటి అటు వెళ్లిపోయాయి.

హద్దుల తగవు అంతటితో తీరలేదు. తిరుపతి వరకు తమకు రావాలని మ.పొ. శివజ్ఞానంగారి వంటి తమిళ నాయకులు, మదరాసు తమకు రావాలని మన నాయకులు. చివరకు పటాస్కర్ మధ్యవర్తిత్వం మీద 1959లో చట్టమై, 1960 ఏప్రిల్ 1 నుంచి తిరుత్తణి మదరాసు రాష్ట్రంలో చేరింది, సత్యవేడు ప్రాంతం ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. రాధాకృష్ణన్ అప్పుడు ఉపరాష్ట్రపతి. ఉత్తర ఆర్కాటులో పుట్టిన ఆయన జన్మస్థలం 1911లో చిత్తూరు జిల్లాకు, 1953లో ఆంధ్రకు, 1960లో మళ్లీ మదరాసుకు పోయింది. ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఆయన పటానికి పూలమాల వేసే ప్రతి బడీ పిల్లలకు ఈ సంగతి చెప్పవచ్చు. భూగోళం, చరిత్ర రెండూ ఒక్క పాఠంలో వస్తాయి.

ఈ కాలంలోనే గుడియాత్తానికి ఒక విశేషం కలిగింది. 1954లో ముఖ్యమంత్రి అయిన కామరాజ్ శాసనసభకు ఎన్నికైనది ఈ గుడియాత్తం ఉపఎన్నికలోనే. ఆయన హయాంలో మూసిన బడులు తెరిచారు, బడి లేని పల్లెలకు బడి వచ్చింది, మధ్యాహ్న భోజనం వచ్చింది. మగ్గం కింద, అగ్గిపెట్టెల పనిలో, బీడీల చాట ముందు కూర్చునే పేద పిల్లలు మొదటిసారి పలక పట్టారు. వారిలో ఇంట తెలుగు మాట్లాడేవారు చాలామంది. కొత్తగా వచ్చిన బడి సహజంగా తమిళ బడి. కొందరు మిత్రులు దీనిని తెలుగుకు జరిగిన ద్రోహంగా మాట్లాడతారు. నేను ఒప్పుకోను. అసలు చదువే లేని ఇంటికి తమిళంలో చదువు రావడం మేలే. ఆ తమిళ బడిలో ఒక మూల తెలుగు పంతులుకు చోటు పెట్టి ఉంటే ఇంకా మేలు జరిగేది.

ఆ చోటు పెట్టడానికి నియమం లేకపోలేదు. 1949 ఆగస్టులో రాష్ట్రాల విద్యామంత్రుల సమావేశం ఒక సూత్రాన్ని ఆమోదించింది. బడి మొత్తం మీద 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని ఆ ప్రాంతపు భాష కాని మరొక భాష మాతృభాషగా గల పిల్లలు ఉంటే, ప్రాథమిక దశలో వారి భాషలో చెప్పడానికి ఉపాధ్యాయుణ్ణి ఇవ్వాలి. 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో 350ఎ అధికరణం చేరి, ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం రాష్ట్రాల బాధ్యత అన్నది. దక్షిణ రాష్ట్రాల మండలి ఒప్పందాలలో పై తరగతులకు మొత్తం 60 మంది, తరగతికి 15 మంది అన్న లెక్క, బడి తెరవడానికి మూడు నెలల ముందుగానే ఇటువంటి పిల్లల పేర్లు నమోదు చేసే పట్టిక కూడా వచ్చాయి.

చూడడానికి చక్కని ఏర్పాటు. బడిలో అది ఎలా నడుస్తుందో ఉపాధ్యాయులకు తెలుసు, తల్లిదండ్రుల కోసం చెబుతున్నాను. తమిళ బడికి అనుబంధంగా ఒక తెలుగు విభాగం ఉన్నదనుకోండి. అయిదు తరగతులకూ ఒకే తెలుగు పంతులు. ఆయన విశ్రాంతి తీసుకున్నారు. కొత్తవారు వచ్చే వరకు ఆ పోస్టు ఖాళీ. తెలుగులో శిక్షణ పొంది, తమిళనాడు నియామకానికి అర్హత గల అభ్యర్థి దొరకాలి, అది ఒక ఏడాది పట్టవచ్చు, రెండేళ్లు పట్టవచ్చు. ఈలోగా పంతులు లేని విభాగంలో పిల్లవాణ్ణి ఉంచే తల్లి ఉండదు. పక్కనున్న తమిళ విభాగానికో, ఇంగ్లీషు బడికో మారుస్తుంది. పదిమంది ఉండవలసిన చోట ఆరుగురు మిగులుతారు. తనిఖీ అధికారి వచ్చి లెక్క చూస్తారు, సూత్రం ప్రకారం పోస్టు అవసరం లేదని రాస్తారు. ఆయన అబద్ధం రాయలేదు. పిల్లలు లేరు కనుక పంతులు లేడని కాగితం చెబుతుంది. పంతులు లేడు కనుకనే పిల్లలు పోయారన్నది ఆ కాగితంలో ఎక్కడా కనబడదు. ఒక్క పదవీ విరమణతో రెండు మూడు తరాల తెలుగు చదువు ముగిసిపోవడం ఇలా జరుగుతుంది. ఎవరూ తెలుగును నిషేధించలేదు, ఎవరూ దండోరా వేయలేదు.

పుస్తకాల సంగతీ అంతే. 1970లో ఏర్పడిన తమిళనాడు పాఠ్యపుస్తక సంస్థ తెలుగు మాధ్యమానికి పుస్తకాలు వేస్తూ వచ్చింది, సమచ్చీర్ కల్వి వచ్చాక కూడా తెలుగు పుస్తకాలు వచ్చాయి. అది గుర్తించవలసిన మేలు. అయితే రాయవేలూరుకు 40 కిలోమీటర్ల లోపున్న చిత్తూరు పిల్లవాడి పుస్తకం వేరు, ఇక్కడి పిల్లవాడి పుస్తకం వేరు. మేనమామ ఇంటికి పోతే బావామరదళ్లు ఒకరి లెక్కల పుస్తకంలోని మాటలు మరొకరికి విప్పి చెప్పుకోవలసి వస్తుంది.

1968 జనవరి 23న మదరాసు రాష్ట్ర శాసనసభ త్రిభాషా సూత్రాన్ని తోసిపుచ్చి, తమిళం, ఇంగ్లీషు అన్న ద్విభాషా విధానాన్ని తీర్మానించింది. హిందీ మీద జరిగిన పోరాటానికి అది ఫలితం, ఆ పోరాటంలో న్యాయం ఉన్నది. కాని తెలుగు ఇంటి పిల్లవాడి వైపు నుంచి చూస్తే ఆ రెండు భాషలలో ఏదీ వాడి తల్లిభాష కాదు. సరిగ్గా మూడు వారాల ముందు, అదే జనవరి 2న, అమెరికా అధ్యక్షుడు జాన్సన్ ద్విభాషా విద్యా చట్టం మీద సంతకం చేశాడు. అక్కడ ఆ మాటకు అర్థం వేరు. ఇంటి భాష ఒకటి, దేశపు భాష ఒకటి. దానికి దారి చూపిన బడులలో మయామీ నగరంలోని కోరల్‌వే బడి ఒకటి. 1959 విప్లవం తరువాత క్యూబా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు, స్థానికంగా ఇంగ్లీషు మాట్లాడే పిల్లలు, ఇరువురినీ 1963లో ఒకచోట చేర్చి, రోజులో కొంత భాగం స్పానిష్‌లోను, కొంత భాగం ఇంగ్లీషులోను చెప్పారు. అక్కడ కూడా అంతా సాఫీగా సాగలేదు. కాలిఫోర్నియాలో 1998లో ప్రజల ఓటుతోనే ఇటువంటి చదువును చాలావరకు కట్టడి చేశారు, 2016లో మళ్లీ ఓటుతోనే ఆ కట్టడిని సడలించారు. ద్విభాష అన్న ఒకే మాటను రెండు దేశాలు ఒకే నెలలో రెండు విధాలుగా పలికాయన్నది నాకు ఎప్పుడూ వింతగానే ఉంటుంది.

ఇంటి భాష అక్షరం లేకపోతే పోయేదేమిటి అని అడిగే తల్లిదండ్రులకు తరగతి గది నుంచి ఒక ఉదాహరణ. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ప, ఫ, బ, భ లకూ ఒకటే. తమిళ అక్షరాలు మాత్రమే వచ్చిన మన పిల్లలను తెలుగు మాటలు రాయమంటే, గంపనూ కంపనూ ఒకే విధంగా రాస్తారు. దాత, తాత ఒకటైపోతారు. బడి అని రాయబోతే పడి అవుతుంది. తమిళంలో ఆ మాటకు చదువుకో అని అర్థం, మెట్టు అని కూడా అర్థం. పిల్లలు నవ్వుతారు, నవ్వనివ్వాలి. ఆ నవ్వులోనే రెండు భాషల తేడా వారికి పట్టుబడుతుంది. మరొక వైపు నుంచి తమిళం మన తెలుగుకు ఇచ్చేదీ ఉన్నది. తమిళంలో రెండు రకాల రకారాలు నేర్చిన పిల్లవాడికి మన బండి ఱ ఎందుకుందో చప్పున తెలుస్తుంది. పాలారులోని ఆరు, మన ఏరు ఒకే మాట అని చెబితే, రోజూ దాటే నది వాడి కళ్ల ముందు పాలేరు అవుతుంది. కన్ను, పాలు, ఊరు, చెవి, ఇలా పక్కపక్కనే రాసి చూపితే నెల రోజులలో రెండు వందల మాటలు వస్తాయి. పిల్లలు యాడికి పోతా ఉండావు అని మాట్లాడితే తప్పని కసరవద్దని తోటి ఉపాధ్యాయులకు నా మనవి. అది చిత్తూరు, గుడియాత్తం సీమల సొంత పలుకు. పుస్తకపు తెలుగును దాని పక్కన పెట్టాలి కాని, దాని మీద పెట్టకూడదు.

2006లో తమిళనాడు తమిళ అభ్యసన చట్టం వచ్చింది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై, ఏడాదికొక తరగతి చొప్పున పెరుగుతూ, 2015-16కు పదవ తరగతికి చేరింది. మొదటి భాగం తమిళం, రెండవది ఇంగ్లీషు, మూడవది తక్కిన పాఠ్యాంశాలు, నాల్గవది ఇష్టమైనవారికి మాతృభాష. ఈ సీమలో పుట్టిన తెలుగు బిడ్డకు తమిళం చదవడం, రాయడం రావాలి. రాకపోతే బస్సు బోర్డు నుంచి ఉద్యోగపు పరీక్ష వరకు వాడే నష్టపోతాడు. అందుచేత తమిళం నేర్పడాన్ని నేను అభ్యంతరపెట్టను. చిక్కు నాల్గవ భాగంలో ఉన్నది. అంతకుముందు మొదటి భాగంలో తెలుగు రాసే వీలుండేది. అది పోయి, చాలా ఏళ్ల పాటు ఉత్తీర్ణతకు లెక్కకు రాని విషయంగా తెలుగు ఉండిపోయింది. లెక్కకు రాని విషయానికి కాలపట్టికలో పీరియడు చివరకు పోతుంది, ఆ పైన పంతులు పోతాడు. తమిళ పంతులును కూడా సరిగా ఇవ్వని తెలుగు బడులలో పిల్లలు పదవ తరగతికి వచ్చేసరికి ఇబ్బందిలో పడ్డారు. భాషా అల్పసంఖ్యాకులు న్యాయస్థానానికి వెళ్లగా మదరాసు హైకోర్టు 2016లో మినహాయింపు ఇచ్చింది. 2023 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు సైతం ఆ సంవత్సరపు పరీక్షకు మినహాయింపు ఇచ్చింది. పరీక్షకు కొద్ది వారాల ముందు ఏ భాషలో రాయాలో తేలడం పదిహేనేళ్ల పిల్లలకు ఎంత కష్టమో చెప్పనక్కరలేదు.

2011 జనాభా లెక్కలలో తమిళనాడు ప్రజలలో 5.87 శాతం మంది తమ మాతృభాష తెలుగు అని చెప్పారు. సుమారు 42 లక్షల మంది. ఇంత మంది ఉండి కూడా తెలుగు విభాగాలకు పదిమంది దొరకకపోవడానికి చట్టాన్ని ఒక్కదానినే అనలేము. మనం కూడా ఉన్నాము. స్తోమత రాగానే మన ఇళ్లలోని పిల్లలు ఇంగ్లీషు బడులకు వెళ్లారు. తెలుగు తమిళానికి ఓడిపోయిందని వేదికల మీద బాధపడే పెద్దల మనుమలు తమిళమూ తెలుగూ రెండూ చదవలేకపోవడం నేను చూశాను. పేదవారి పిల్లలు మాత్రమే మిగిలిన విభాగం కోసం గట్టిగా అడిగేవారు ఉండరు.

హద్దుకు అవతల నగరి, కుప్పం ప్రాంతాలలో తమిళం మాట్లాడే ఇళ్లలోనూ ఇదే కథ, భాష పేరు మాత్రం మార్చుకోవాలి. మూడు రాష్ట్రాల కూడలి అయిన కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడింది. ఈ భాషలను పక్కపక్కనే కూర్చోబెట్టి చదవడానికి పెద్దల స్థాయిలో చోటు దొరికింది. ఒకటవ తరగతి స్థాయిలో దొరకవలసి ఉన్నది.

ఇక తల్లిదండ్రులకు ఒక మాట. బడిలో చేర్చేటప్పుడు ఇచ్చే దరఖాస్తులో మాతృభాష అన్న గడి ఒకటి ఉంటుంది. ఇంట తెలుగే మాట్లాడే కుటుంబాలు కూడా, ఎందుకొచ్చిన గొడవ అనుకుని, అక్కడ తమిళం అని రాసివేయడం పరిపాటి. పదిమంది, నలభైమంది లెక్క తీసేది ఆ గడి చూసే. వచ్చే జూన్‌లో పిల్లలను చేర్చబోయేవారు మార్చి నెలలోనే ప్రధానోపాధ్యాయులను కలిసి, ఆ గడిలో తెలుగు అని స్పష్టంగా రాసి, తెలుగు బోధన కోరుతున్నట్లు విడిగా ఒక కాగితం కూడా ఇచ్చి, దాని నకలు మీద తేదీ వేయించి సంతకం తీసుకుని భద్రపరచుకోవలసిందిగా మనవి. తోటి తెలుగు కుటుంబాలను కూడా వెంటబెట్టుకుని వెళ్లండి.